ఒక జడకే రిబ్బను

పోయిన వారం స్వప్న ఫోన్ చేసింది. మేం ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉన్న రోజుల్లో ఎదురు బ్లాకు పిల్ల. మా ఇంట్లో పెసరట్లు తింటూ పెరిగింది. ఇప్పుడు ఢిల్లీలోనే ఒక ప్రాథమిక పాఠశాలకు హెడ్‌మిస్ట్రెస్ అయింది.

"ఆంటీ, మా స్కూల్లో అటెండెన్స్ బహుత్ ఖరాబ్. మీ స్కూల్లో రిబ్బన్ స్కీమ్ ఏదో పెట్టారటగా, మమ్మీ చెప్పింది. నేను కూడా పెడతాను. ఎన్ని మీటర్లు కొనాలి?"

నాకు ఒళ్ళు మండింది. "ఒక్క మీటరు కూడా కొనకు తల్లీ" అన్నాను.

"మరి ఎలా చెయ్యాలో తరీకా చెప్పండి ఆంటీ, నోట్ చేసుకుంటా."

"ఫోన్లో చెబితే రాసుకోవడానికి అదేమన్నా పులిహోర పోపా?" అని పెట్టేశాను.

పెట్టేశాక జాలేసింది. పాపం, పిల్ల తన బడి బాగుపడాలనేగా అడిగింది! అందుకే ఇది రాస్తున్నాను. స్వప్నకు తెలుగు చదవడం రాదు, వాళ్ళమ్మ చదివి వినిపిస్తుంది. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న మిగతా పిల్లలు ఎవరైనా ఉంటే మీరూ చదవండి. నా ప్రమోషన్లు, బదిలీలు, సన్మానపు శాలువాల సంగతి రాయను. వాటిలో నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. ఒక్క బడి సంగతి చెబుతాను. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఆశ్చర్యం తీరదు.

తాళం వేసిన గేటు

మాది బాపట్ల. మావారి ఉద్యోగం కేంద్ర ప్రభుత్వంలో కాబట్టి పెళ్ళయిన కొత్తలోనే ఢిల్లీ వచ్చిపడ్డాం. ఇక్కడే టీచర్నయ్యాను, ఇక్కడే రిటైరయ్యాను. నా హిందీ విని పిల్లలు కిసుక్కున నవ్వేవాళ్ళు. నవ్వుకోనీ, నవ్వడానికైనా బడికొస్తే చాలు అనుకునేదాన్ని.

నన్ను హెడ్‌మిస్ట్రెస్‌గా పంపిన బడి ఒక బస్తీ అంచున ఉండేది. అక్కడ మగవాళ్ళు భవనాల పనికి పోతారు, ఆడవాళ్ళు కాలనీల్లో ఇళ్ళ పనికి పోతారు. బుందేల్‌ఖండ్ వాళ్ళు, రాజస్థాన్ వాళ్ళు, బీహార్ వాళ్ళు, మన పాలమూరు వాళ్ళు. బస్తీకి కుళాయిల్లేవు. నీళ్ళు ట్యాంకరులో వస్తాయి.

మొదటి రోజు ప్రార్థన అయింది. తరగతుల్లోకి వెళ్ళి చూస్తే సగం బెంచీలు ఖాళీ. కిటికీలోంచి బయటికి చూశాను. భుజాన సంచులు వేసుకున్న పిల్లలు గేటు దాకా వచ్చి, తాళం చూసి, వెనక్కి తిరిగి పోతున్నారు.

"రామ్‌కిషన్ భయ్యా, ఆ పిల్లలు ఎందుకు పోతున్నారు?" అని చౌకీదారును అడిగాను.

"ప్రార్థన కాగానే తాళం వెయ్యమని పాత మేడమ్ ఆర్డర్ జీ. డిసిప్లిన్" అన్నాడు.

ఆ పాత మేడమ్ చెడ్డది కాదు. నాకు తెలుసు ఆవిడ. లెక్కలు చెబితే గోడలకు కూడా అర్థమయ్యేవి. కానీ ఆలస్యంగా వచ్చిన పిల్లను వెనక్కి పంపితే రేపు త్వరగా వస్తుందని నమ్మింది. రాదు. వెనక్కి పంపిన పిల్ల మర్నాడు అసలే రాదు. ఇదొక్కటి మాత్రం కావాలంటే నోట్ చేసుకో స్వప్నా.

ఆ వారంలోనే మా పై అధికారి ఖురానా సాబ్ పిలిపించారు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని మనిషి. "మేడమ్, మీ బడిలో పిల్లలు లేరు. వేసవి సెలవుల్లోపు ఒకసారి వచ్చి చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే రోడ్డవతల పెద్ద బడిలో కలిపేస్తాం" అన్నారు.

కలిపేస్తాం అనడం ఎంత సులువో! ఆ రోడ్డు మీరు చూడలేదు. అటు ఇటు లారీలు, బస్సులు, గుర్గావ్ పరిగెత్తే కార్లు. దాటడానికి వంతెన లేదు, సిగ్నల్ లేదు. పెద్దవాళ్ళే దేవుణ్ణి తలచుకుని దాటుతారు. బడి అవతలికి పోతే మా ఆడపిల్లల చదువు అక్కడితో సరి. ఇది నేను ఊహించి చెప్పడం లేదు. మూడో తరగతి లత తల్లి యాదమ్మ నా మొహం మీదే చెప్పింది.

"గా రోడ్డు మీదనే మా మరిది కాలు వోయింది మేడమ్. పోరిని అటు దోలను. ఇంట్లనే కూసోబెడ్త" అంది.

యాదమ్మది పాలమూరు. తట్టలు మోయడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం. తెలుగు మేడమ్ వచ్చిందని తెలిసి మొదటి రోజే నన్ను చూడ్డానికి వచ్చింది. ఆవిడ తెలుగులో తిడితే లత హిందీలో ఎదురు చెప్పేది. ఆ లత చదువులో చురుకు. పుస్తకం చేతిలో ఉంటే పక్కన పిడుగు పడినా తల ఎత్తదు. ఆ పిల్ల ఇంట్లో కూర్చోవడమా!

సీతాకోకచిలుకలు

మొట్టమొదట గేటు తాళం తీయించాను. రామ్‌కిషన్ తాళంచెవి నా చేతిలో పెడుతూ, తన కిరీటం తీసిచ్చినంత బాధపడ్డాడు.

తర్వాత రంగులు. గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే తెలుగు కుర్రాళ్ళు, అమ్మాయిలు ఒక ఆదివారం వచ్చి గోడలన్నిటికీ రంగులేశారు. సీతాకోకచిలుకలు, ఇంద్రధనుస్సు, నవ్వే సూర్యుడు. మంచి పిల్లలు, చెమటలు కక్కుతూ పనిచేశారు. బడిలో మధ్యాహ్న భోజనం వండేవాళ్ళకు బాగా నచ్చింది. నేనూ మురిసిపోయాను. సోమవారం పొద్దున చూస్తే అవే ఖాళీ బెంచీలు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అన్నట్టుంది నా సంబడం.

తల్లిదండ్రుల మీటింగు అని నోటీసు పంపాను. ఒక్కరూ రాలేదు. వాళ్ళు రాకపోయింది లెక్కలేక కాదు, చాలామందికి చదవడం రాదు. హిందీలో అందంగా రాయించిన ఆ నోటీసుల్లో పల్లీలు పొట్లాలు కట్టి అమ్ముతుంటే నేనే కొనుక్కుని తిన్నాను.

ఇక కాళ్ళకు బలపాలు కట్టుకుని బస్తీలో తిరగడం మొదలుపెట్టాను. బడి విడిచాక తిరిగితే పిల్లలు కనిపించేవాళ్ళు, తల్లులు కాదు. ఒక రోజు బుద్ధి వచ్చి బడి పెట్టకముందే వెళ్ళాను. అప్పుడు దొరికింది నా బడి. మా మూడో తరగతి, నాలుగో తరగతి, అయిదో తరగతి, అందరూ రోడ్డు పక్కన బారులు తీరి కూర్చున్నారు.

డబ్బాల లైను

ట్యాంకరు పొద్దున వస్తుంది. ఏడింటికి రావచ్చు, పదింటికి రావచ్చు, కోపమొస్తే రాకపోవచ్చు. ఈలోగా తల్లీ తండ్రీ పనికి పోవాలి. అందుకని నూనె డబ్బాలు, ప్లాస్టిక్ డబ్బాలు వరసలో పెట్టి, పక్కన పిల్లనో పిల్లాడినో కూర్చోబెట్టి పోతారు. డబ్బా ఉంటే వరసలో చోటున్నట్టే. కానీ పక్కన మనిషి ఉండాలి. మనిషి లేని డబ్బాను ఎవరైనా కాలితో పక్కకు తన్నేయొచ్చు. అది అక్కడి చట్టం.

అలా తన్నడంలో పేరు మోసినవాడు బన్వారీ. పెయింటింగు పనిచేస్తాడు. భార్యా, తనూ, అంతే. పిల్లల్లేరు. ఎండాకాలంలో నీళ్ళ దగ్గర ఒకసారి అతనికి తల పగిలింది, ఇంకొకసారి అతను ఇంకొకరి తల పగలగొట్టాడు.

లత తన డబ్బా మీద కూర్చుని పుస్తకం చదువుకుంటోంది. నన్ను చూసి లేచి నిలబడింది.

"బడికి రావేమే?" అన్నాను.

"పానీ ఆయేగా, ఫిర్ ఆవూఁగీ మేడమ్" అంది. నీళ్ళొచ్చాక వస్తానని. అప్పటికి బడి సగం అయిపోతుంది.

నాకు కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. మర్నాడు ఒక టీచరును వెంటబెట్టుకుని, బోర్డు ఒకటి మోయించుకుని, లైను దగ్గరే పాఠం మొదలుపెట్టాను. బడికి పిల్లలు రాకపోతే పిల్లల దగ్గరికే బడి! నా తెలివికి నేనే పొంగిపోతున్నానో లేదో, ట్యాంకరు హారన్ మోగింది. ఓరి నాయనో! పిల్లలు లేరు, పాఠం లేదు, బోర్డు మీద నుంచి జనం పరిగెత్తారు. ఎవరో పైపు విదిలిస్తే నా చీర కుచ్చిళ్ళ దాకా తడిసి ముద్దయింది. యాదమ్మ నన్ను చూసి పొట్ట పట్టుకుని నవ్వింది.

"నవ్వుతావేం? నీ కూతురు చదువు పోతోంది" అని అరిచాను.

ఆవిడ నవ్వు ఆపేసింది. "మేడమ్, గీ డబ్బా ఇడిసిపెట్టి పోరి బడికొస్తే ఇంట్ల సుక్క నీళ్ళుండయ్. సదువు తాగుతమా?" అంది.

ట్యాంకరు వేళ మార్చమని నీళ్ళ ఆఫీసు చుట్టూ తిరిగాను. అక్కడి గుమాస్తా బాబు టీ ఇచ్చి, కుర్చీ చూపించి, "ఠీక్ హై మేడమ్‌జీ, దేఖ్‌తే హైఁ" అన్నాడు. ఆయన ఇంకా చూస్తూనే ఉండి ఉంటాడు.

నెత్తి మీద ఒకటి

చివరికి యాదమ్మే ఇల్లిల్లూ తిరిగి చెప్పింది, మేడమ్ మాట్లాడతదట రండి అని. నా నోటీసుకు రానివాళ్ళు ఆవిడ కేకకు వచ్చారు. ఒక సాయంత్రం బడి వరండా నిండిపోయింది.

నేనేం గొప్పగా మాట్లాడలేదు. బడి రోడ్డవతలికి పోతుందని చెప్పాను. "నాకు ఢిల్లీలో ఇంకో బడి ఇస్తారు. మీ పిల్లలకు ఇంకో బడి లేదు. ఏం చేద్దామో మీరే చెప్పండి" అన్నాను. చెప్పి వాళ్ళ మధ్యే కింద కూర్చున్నాను.

కమలేష్ అని ఒక చంటిపిల్ల తల్లి, రాజస్థాన్ ఆవిడ, పసిపిల్ల వల్ల పనికి పోవడం లేదు. "నేనెలాగూ ఇంటి దగ్గరే ఉంటున్నా. బడికెళ్ళే పిల్లల డబ్బాలన్నిటికీ నేను కాపలా కూర్చుంటా. ముసలమ్మలు తోడుంటారు. నీళ్ళు మేమే పడతాం" అంది.

"ఏ డబ్బా బడి పిల్లదో నీకెట్లా తెలుస్తుంది? అన్నీ ఒక్కలాంటివే. అందరూ మాది బడి డబ్బానే అంటారు" అన్నారు ఇంకొకరు.

పేర్లు రాద్దాం అన్నాను. "చదివేదెవరు మేడమ్‌జీ?" అంది కమలేష్. నేను నాలుక కరుచుకున్నాను.

అప్పుడు యాదమ్మ, పక్కనే కూర్చున్న లత జడ పట్టుకుని లాగి, ఎర్ర రిబ్బను ఊడదీసింది. మా బడి యూనిఫాం ప్రకారం ఆడపిల్లలకు రెండు జడలు, రెండు ఎర్ర రిబ్బన్లు ఉండాలి.

"మమ్మీ! మేడమ్ డాంటేంగీ!" అని లత కెవ్వుమంది. నేను తిడతానని దాని భయం.

"తిడితే నన్ను తిడ్తది తియ్యి" అని యాదమ్మ ఆ రిబ్బనును, వెంట తెచ్చి గుమ్మం దగ్గర పెట్టిన డబ్బా పిడికి ముడేసి అందరికీ చూపించింది. "నెత్తి మీద ఒకటి, డబ్బా మీద ఒకటి. నెత్తి మీదిది బడిల ఉంటేనే డబ్బా మీదిది లైన్ల ఉంటది. పోరి బడి ఎగ్గొట్టి గల్లీల తిరిగితే రిబ్బను ఇప్పేస్తం, డబ్బా ఆఖరుకు" అంది. అదే మళ్ళీ తన హిందీలో చెప్పింది. ఆ హిందీ నా హిందీ కంటే అధ్వాన్నం, కానీ అందరికీ అర్థమైంది.

"రిబ్బన్లు నేను కొనిస్తానులే యాదమ్మా" అన్నాను.

"వద్దు మేడమ్. కొన్న రిబ్బను ఎవలైన కడ్తరు. పోరి జడదైతేనే ఎవలిదో ఎరుకైతది."

ఎన్ని మీటర్లు కొనాలి అన్నావు కదా స్వప్నా, నాకు ఒళ్ళెందుకు మండిందో ఇప్పుడు తెలిసిందా?

మగపిల్లలే ఉన్న ఇళ్ళకు పక్కింటి ఆడపిల్ల తన రెండో రిబ్బను ఇవ్వాలన్నారు. అన్నిటికీ ఒప్పుకున్నాక, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ బన్వారీ గొంతు సవరించుకున్నాడు.

"రిబ్బన్ డబ్బాలకు ముందు నీళ్ళా? మరి నాకు పిల్లల్లేరు. నేను దాహంతో చావనా?" అన్నాడు.

అతను అన్నదాంట్లో న్యాయం ఉంది. అతను విసురుగా బయటికి వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గరున్న లత డబ్బాను తన్నబోయి, కాలు పక్కకు తీసి దాటుకుని పోయాడు. నేను చూశాను.

పూరా యూనిఫాం

తర్వాత జరిగినదంతా నా చేతుల్లో లేదు. పిల్లలు రావడం మొదలైంది. ముందు ఆడపిల్లలు, తర్వాత వాళ్ళ తమ్ముళ్ళు. ఎగ్గొట్టి గోళీలాడే మగపిల్లల్ని తల్లులే చెవి పట్టుకుని గేటు దాకా లాక్కొచ్చేవారు. వాడు గల్లీలో కనిపిస్తే ఇంటి డబ్బా వెనక్కి పోతుంది మరి! అటెండెన్స్ చూసుకునే పని మా టీచర్లకంటే ఆ ముసలమ్మలే గట్టిగా చేశారు. నేను చదువు సంగతి చూసుకున్నాను. పిల్లలు ఎదురుగా ఉంటే మా టీచర్లకూ ఊపిరి వచ్చింది. సంవత్సరాలుగా కుర్చీలోంచి లేవని ఒకావిడ పద్యాలకు అభినయం మొదలుపెట్టింది. మనుషుల్ని ముందే సోమరులని తీర్మానించకండి. ఖాళీ బెంచీలకు ఎవరు మాత్రం ఎన్నాళ్ళు పాఠం చెబుతారు?

అయినా ఎండలు ముదిరేకొద్దీ నాకు లోపల భయమే. దాహం ముందు ఏ ముడి నిలుస్తుంది?

ఖురానా సాబ్ చెప్పకుండా వచ్చారు. రెండు రోజులుగా ట్యాంకరు రాలేదు. బస్తీలో నీళ్ళకు కటకటగా ఉంది. బడిలో మాత్రం తరగతులు నిండుగా ఉన్నాయి. ఆయన మూడో తరగతి గుమ్మంలో ఆగి చుట్టూ చూశారు. మొహంలో సంతోషం లేదు.

"ఈ రోజుకని ఎక్కడి నుంచైనా తెచ్చారా మేడమ్ పిల్లల్ని? నా సర్వీసులో చాలా చూశాను" అన్నారు. "పైగా యూనిఫాం చూడండి. ఒక జడకు రిబ్బను, ఒక జడకు లేదు. కొంతమందికి రెండూ లేవు. యే క్యా హై? నా రిపోర్టులో యూనిఫాం అధూరా, సగమే ఉంది, అని రాస్తాను."

నేను నోరు తెరిచేలోగా బయట ట్యాంకరు హారన్ మోగింది.

తరగతి బిగుసుకుపోయింది. లత నిలబడి పాఠం చదువుతోంది. మాట మధ్యలో ఆగిపోయింది. పిల్లలందరి తలలూ కిటికీ వైపు తిరిగాయి. వాళ్ళ ఇళ్ళలో రెండు రోజులుగా నీళ్ళు లేవు.

ఖురానా సాబ్ చేతులు కట్టుకుని ద్వారబంధానికి ఆనుకున్నారు. "అబ్ దేఖియే. ఇప్పుడు ఒక్కరు కూడా మిగలరు" అన్నారు మెల్లగా.

పిల్లలు పరిగెత్తితే ఏమని తిట్టను? తిట్టడానికి నాకు హక్కుందా? లత తన బోడి జడను చేత్తో ఒకసారి తడుముకుంది. తర్వాత వేలు పెట్టి, ఆగిన మాట వెతుక్కుని, చదవడం మొదలుపెట్టింది. ఒక్కొక్క తలా కిటికీ నుంచి పుస్తకం వైపు తిరిగింది. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు లేవలేదు. నా ఉద్యోగంలో అంతటి దృశ్యం నేను మళ్ళీ చూడలేదు. కళ్ళనీళ్ళు వాటంతట అవే కారిపోయాయి, తుడుచుకోలేదు కూడా.

ఖురానా సాబ్ గబగబా గేటు దాటి ట్యాంకరు దగ్గరికి నడిచారు. నేనూ వెనకే వెళ్ళాను.

బారెడు లైను. ముందు వరసంతా ఎర్ర రిబ్బన్లు కట్టిన డబ్బాలు. కమలేష్ చంటిదాన్ని చంకనేసుకుని వాటిని ముందుకు జరుపుతోంది. ట్యాంకరు పైపు పట్టుకుని ఒక్కొక్క రిబ్బను డబ్బానూ నింపుతున్నవాడు బన్వారీ, ఆ రోజు మీటింగులోంచి విసురుగా వెళ్ళిపోయిన ఆ బన్వారీయే. చొక్కా అంతా తడిసిపోయింది. అతని సొంత డబ్బా ఎక్కడో వెనక ఉంది.

ఖురానా సాబ్ ఒక డబ్బా ముందు ఆగి, రిబ్బనును వేలితో పైకెత్తి చూశారు. "యే కిస్‌కా హై?" అన్నారు.

"మేరీ బేటీకా సాబ్" అంది యాదమ్మ. పనికి పోకుండా ఆ రోజు నీళ్ళ కోసం ఆగిపోయింది. "ఏక్ ఉస్‌కే సర్ పే, ఏక్ ఇధర్. ఓ స్కూల్ మే హై." నా కూతురిది సాబ్, ఒకటి దాని తల మీద ఉంది, ఒకటి ఇక్కడుంది, పిల్ల బడిలో ఉంది అని.

ఆయన చాలాసేపు ఆ లైను వైపే చూశారు. ఎండకు మొహం జేవురించింది. "భయ్యా, ఒక గ్లాసు నీళ్ళివ్వు" అన్నారు బన్వారీతో.

బన్వారీ పైపు మీద నుంచి చూపు తిప్పలేదు. "రిబ్బన్ హై సాబ్?"

"నహీఁ."

"మేరే పాస్ భీ నహీఁ హై. నాకూ లేదు. ఆ వెనక నా డబ్బా ఉంది చూడండి, దాని పక్కన నిలబడండి. మన వంతు వస్తుంది."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పెద్ద అధికారి ఆయన! ఖురానా సాబ్ ఒక్క క్షణం ఆగారు. తర్వాత, ఇస్త్రీ చొక్కాతో, లైను చివరికంటా నడిచి, బన్వారీ డబ్బా పక్కన నిలబడ్డారు. వంతు వచ్చేదాకా నిలబడే ఉన్నారు. దోసిలి పట్టి తాగారు.

గేటు దగ్గర జేబురుమాలుతో మూతి తుడుచుకుంటూ నా వైపు తిరిగారు.

"మేడమ్, యూనిఫాం గురించి నేనేమన్నాను?"

"అధూరా అన్నారు సర్."

"తప్పు. యూనిఫాం పూరా హై" అన్నారు. కారెక్కి వెళ్ళిపోయారు.

బడిని కలిపేసే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ మధ్యాహ్నం బడి విడిచాక లత, ఒక జడకు రిబ్బనుతో, రెండో జడ ఊడిపోయి భుజాల మీద ఎగురుతుండగా, గెంతుకుంటూ ఇంటికి పోయింది. పెద్ద రోడ్డు దాటాల్సిన పని లేకుండానే.